దగ్గు లేకుండా వచ్చే టీబీ

‘నాకు దగ్గే లేదు కదా సార్, టీబీ ఎట్లా వస్తుంది?’ ఎముకల డాక్టరుగా నేను తరచూ వినే ప్రశ్న ఇది. టీబీ క్రిమి ముందు ఊపిరితిత్తుల్లో చేరి, రక్తం వెంట ఎముకల దాకా పోగలదు. వెన్నెముకను పట్టినంత ఎక్కువగా పాదాన్ని పట్టదు. పాదంలో మాత్రం మడమ ఎముకకే ముప్పు ఎక్కువ.

చూడ్డానికి బెణుకులా ఉండటమే దీనితో వచ్చిన చిక్కు. ఒక తాపీ మేస్త్రి సంగతి చెబుతాను. కాలు జారినప్పటి నుంచీ మడమ నొప్పి. నాటుకట్టు వేయించాడు, నొప్పి బిళ్లలు మింగాడు, ఒకచోట మడమలో స్టెరాయిడ్ సూది కూడా వేయించుకున్నాడు. క్రిమి ఉన్నచోట స్టెరాయిడ్ వేస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. నొక్కి చూస్తే వాపు మెత్తగా ఉంది, చీముగడ్డకుండే ఎరుపూ వేడీ లేవు. ఆ కాలి పిక్క సన్నబడింది.

ఎక్స్‌రేలో ఎముక మధ్య చిన్న గుంట కనిపించింది. జబ్బు ఎంతవరకు పాకిందో ఎమ్మారై చూపిస్తుంది. అది టీబీయో, ఫంగసో, కణితో తేల్చేది బయాప్సీయే. తీసిన ముక్కలో ఒక భాగాన్ని ఫార్మలిన్‌లో వేసి మైక్రోస్కోపు పరీక్షకు పంపాం. ఇంకో భాగాన్ని క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ, సీబీనాట్ పరీక్షకూ సెలైన్‌లో పంపాం. ఫార్మలిన్ క్రిమిని చంపేస్తుంది, ఇక కల్చర్‌లో ఏమీ పెరగదు. సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో క్రిమిని పట్టడమే కాదు, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. కల్చర్‌కు వారాలు పడుతుంది. ఎముకలో క్రిములు తక్కువ కాబట్టి సీబీనాట్‌లో ఏమీ రానంత మాత్రాన టీబీ లేదనుకోకూడదు.

మామూలు టీబీకి ఆరు నెలల మందు. ఎముకకైతే కనీసం 12 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు రకాలు, తర్వాత 10 నెలలు మూడు రకాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే పోషణకు నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా వెంటనే రావాలి. మొదట్లో పిండికట్టు వేసి, కాలి మీద బరువు మోపనివ్వం. చాలామందికి మందులే చాలు. చీము బాగా చేరినా, కీలు పాడైనా ఆపరేషన్ అవసరం కావచ్చు.

పాదం వాపు నెల దాటినా తగ్గకపోతే మళ్లీ నొప్పి బిళ్లలు కొనకండి, ఎక్స్‌రే తీయించండి. టీబీ అని తేలితే, నొప్పి పోయినా మందు మానకండి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.