వకాల్తా ఇచ్చేముందు ఒక్క నిమిషం!

మా నానమ్మది వరంగల్ వైపు. ఆమెకు నల్లకోటు కనిపిస్తే 'వకీల్ సాబ్'. అమ్మమ్మది రాజమండ్రి. ఆమె నోట 'ప్లీడరు గారు'. నాకేమో 'లాయర్'. విజిటింగ్ కార్డు మీద చూస్తే 'అడ్వకేట్'. ఒకే మనిషికి ఇన్ని పేర్లేంటని నేనెప్పుడూ ఆలోచించలేదు, ఆ మధ్య నాన్నతో కోర్టుకి వెళ్లేదాకా.

మాది పొలం గట్టు తగాదా. గుమాస్తా ఒక కాగితం తెచ్చి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అంటూ పెన్సిల్‌తో టిక్కులు పెట్టాడు. నాన్న జేబులోంచి పెన్ను తీశారు. పైన 'వకాల్తనామా' అని ఉంది. ఖాళీలు ఇంకా నింపలేదు. "ఒకసారి చదువుతాను నాన్నా" అన్నాను. "అది మామూలేనమ్మా, అందరూ పెట్టేదే" అన్నాడు గుమాస్తా.

చిన్న అక్షరాల ఇంగ్లిష్. మధ్యలో ఒక లైను దగ్గర ఆగిపోయాను. మా తరఫున రాజీ పడటానికి, దావా వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తీసుకోవడానికి కూడా అధికారం ఇస్తున్నామట!

పేరు వెనక కథ

వకీల్ అరబ్బీ మాట. మన పని అప్పగించిన మనిషి, మన ప్రతినిధి అని అర్థం. 'నామా' అంటే పత్రం. నిజాం కోర్టుల్లో ఉర్దూ నడిచింది కాబట్టి తెలంగాణలో ఆ మాట ఇంటి మాటైపోయింది. "వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావ్?" అని రెండు రాష్ట్రాల్లోనూ అంటాం కదా, అదీ ఇక్కడిదే.

బ్రిటిష్ కాలంలో ఇవి వట్టి పేర్లు కావు, అంతస్తులు. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఎంత పేరున్నా ఆ హోదాతో హైకోర్టులో వాదించడానికి వీల్లేదు. అందుకే 1904లో ఇంగ్లండ్ ఓడెక్కారు. బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో వాదించారు.

1961లో వచ్చిన అడ్వకేట్స్ చట్టం ఆ మెట్లు తీసేసింది. ఇప్పుడు లా చదివి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లంతా అడ్వకేట్లే. అందులో కొందరికి 'సీనియర్ అడ్వకేట్' హోదా ఉంటుంది, అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మాత్రం 'ప్లీడర్' మాట ఇంకా అలాగే ఉంది.

సంతకం మనది, అధికారమూ మనదే

పేరు ఏదైతేనేం, మనం రాసిస్తేనే ఆయన మన వకీలు. ఆ రాసిచ్చే కాగితమే వకాల్తా. అది ఒక్క వాయిదాకు ఇచ్చేది కాదు. మధ్యలో రద్దు చేసుకోకపోతే ఆ కోర్టులో కేసు ముగిసేదాకా నడుస్తుంది. అందుకే:

• ఖాళీలు నింపాకే సంతకం పెట్టండి. ఇంగ్లిష్ రాకపోతే తెలుగులో చదివి చెప్పమనండి.
• రాజీ గురించి ఏం రాశారో అడగండి.
• సంతకం పెట్టాక ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
• సీఎన్ఆర్ నంబర్ తీసుకోండి. దాంతో ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా ఎప్పుడో, ఏం జరిగిందో మీరే చూసుకోవచ్చు.
• లాయర్‌ని మార్చుకునే హక్కు మీకుంది. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఆపుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

నేను చదువుతూ కూర్చుంటే నాన్నకి మొహమాటం. "పెద్దాయన ఏమనుకుంటారో" అని నసిగారు. లోపలికెళ్లి నేనే అడిగేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, మొత్తం తెలుగులో చదివి చెప్పారు. రాజీ లైను దగ్గర ఆగి, 'క్లయింటు రాతపూర్వక అనుమతితో మాత్రమే' అని పక్కన రాసి, ఖాళీలు నింపి, కాగితం నాన్న ముందు పెట్టారు.

"అడిగినందుకు నేనేమీ అనుకోనమ్మా. అడగని వాళ్లతోనే నాకు భయం. రేపు ఏదైనా అయితే, 'నాకు తెలీదు సార్' అంటారు" అన్నారు నవ్వుతూ.

అప్పుడు పెట్టారు నాన్న సంతకం. బస్సులో ఇంటికొస్తూ నానమ్మకి ఫోన్ చేసి చెప్పారు, "వకీల్ సాబ్ మంచోడే అమ్మా!" అని.