ఇంటి కొలువు – పరికరాల ఎంపిక

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న లింగంపల్లి ఒకప్పుడు ఒక చిన్న ఊరు. దానికి ఒకవైపు రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం, మరొకవైపు 1974లో స్థాపితమైన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన తరువాత ఈ ప్రాంతపు రూపురేఖలు వేగంగా మారిపోయాయి. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడవడం మొదలైంది. లింగంపల్లిలో రైలెక్కి చందానగర్, హఫీజ్‌పేట దాటితే చాలు, హైటెక్ సిటీ స్టేషను వస్తుంది. అందుచేత సాఫ్ట్‌వేర్ ఉద్యోగులెందరో లింగంపల్లి, నల్లగండ్ల, చందానగర్ ప్రాంతాలలోని అపార్ట్‌మెంట్లలో స్థిరపడ్డారు. ఇల్లు నిద్రకూ భోజనానికీ, కార్యాలయం పనికి. ఈ రెంటి మధ్య రైలో, బస్సో, సొంత వాహనమో వారధిగా ఉండేది.

2020 మార్చిలో ఆ వారధి ఒక్కసారిగా తెగిపోయింది. కరోనా మహమ్మారి కారణంగా మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు చేతపట్టుకొని ఇళ్ళు చేరారు. భోజనాల బల్ల, మంచం, సోఫా, చివరకు ఇస్త్రీ బల్ల కూడా కార్యాలయాలయ్యాయి. ఫోన్ ద్వారా సేవలందించే సంస్థల ఉద్యోగులు ఇంటినుంచి పనిచేయడానికి అడ్డుగా ఉన్న నిబంధనలను కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ ఆ సంవత్సరం నవంబరులో చాలావరకు సడలించింది. మహమ్మారి తగ్గిన తరువాత కార్యాలయాలు తెరుచుకున్నా, వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పనిచేసే పద్ధతి అనేక సంస్థలలో నిలిచిపోయింది. తాత్కాలికమనుకొని సర్దుకున్న ఏర్పాటు కొందరికి శాశ్వతమయింది. దానితోపాటు మెడనొప్పి, నడుమునొప్పి కూడా శాశ్వతం కాకుండా చూసుకోవడం ఎలా అన్నదే ఈ పాఠంలోని విషయం.

ఇల్లే పనిచోటు – మనకు కొత్త కాదు

దూరాన ఉండి పనిచేయడాన్ని సూచించే ‘టెలికమ్యూటింగ్’ అనే మాటను అమెరికాకు చెందిన జాక్ నిలెస్ 1973లో వాడుకలోకి తెచ్చాడు. మాట కొత్తదే కాని, ఇంట్లోనే వృత్తి సాగించడం తెలుగువారికి తరతరాలుగా తెలిసినదే. పోచంపల్లి వంటి చేనేత గ్రామాలలో ఇంటి నడుమనే మగ్గం ఉంటుంది. గుంట మగ్గాన్ని గమనించండి. నేలలో గుంట తవ్వి, నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి చెక్కలను తొక్కుతాడు. ఆ గుంట అతని కాళ్ళకు అందేటట్లు ఉండాలి. చేతులు సాచిన చోట నాడె ఆడాలి. మగ్గం ముందు కూర్చునే మనిషి కొలతే మగ్గానికి కొలత. అలాగని నేతగాడికి నడుమునొప్పి రాదని కాదు. గంటల తరబడి వంగి చేసే పని ఎవరినైనా బాధిస్తుంది. కాని పనిముట్టు మనిషికి ఒదగాలి అన్న సూత్రం మాత్రం అందులో స్పష్టంగా ఉంది.

ఈ సూత్రాన్నే ఆధునికులు ‘ఎర్గోనామిక్స్’ అన్నారు. పని అనే అర్థమిచ్చే ‘ఎర్గాన్’, నియమం అనే అర్థమిచ్చే ‘నోమోస్’ అనే గ్రీకు మాటల కలయిక ఇది. పోలెండు దేశపు శాస్త్రవేత్త యాస్ట్‌షెంబోవ్‌స్కీ 1857లో దీనిని మొదట ప్రయోగించాడు. మనిషిని పనికి తగినట్లు వంచడం కాక, పనిని మనిషికి తగినట్లు అమర్చడమే ఈ శాస్త్ర సారం. కనుక ఇంట్లో కార్యాలయం ఏర్పరచుకోదలచినవారు దుకాణానికి వెళ్ళేముందు చేయవలసిన పని ఒకటుంది. అది తమను తాము కొలుచుకోవడం.

కొలతలు, కుర్చీ, బల్ల

ఒక ఉదాహరణ చూద్దాం. అయిదడుగుల రెండు మూడు అంగుళాల ఎత్తున్న ఒక ఉద్యోగిని ఉన్నదనుకుందాం. ఆమె పాదాలు నేలకు ఆనించి కూర్చున్నప్పుడు, నేలనుంచి మోకాలి వెనుక మడత వరకు సుమారు 16 అంగుళాలు ఉంటుంది. కూర్చున్న చోటినుంచి మడిచిన మోచేతి వరకు మరో 9 అంగుళాలు. అంటే ఆమె మోచేయి నేలనుంచి 25 అంగుళాల ఎత్తున ఉంటుంది. సాధారణంగా భోజనాల బల్ల ఎత్తు 30 అంగుళాలు. ఈ 5 అంగుళాల తేడాయే అసలు సమస్య. టైపు చేయడానికి ఆమె భుజాలను పైకెత్తి ఉంచక తప్పదు. పది నిమిషాలకు అది పెద్ద కష్టమనిపించదు. రోజుకు ఎనిమిది గంటలు, నెలల తరబడి అయితే భుజాలు, మెడ బిగుసుకుపోతాయి.

దీనికి పరిష్కారం కుర్చీని 5 అంగుళాలు పైకెత్తడం. అప్పుడు పాదాలు గాలిలో వేలాడతాయి; తొడల కింద ఒత్తిడి పెరిగి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. కాబట్టి పాదాల కింద అంతే ఎత్తున్న ఆధారం ఉండాలి. అందుకు ఖరీదైన వస్తువేదీ అక్కరలేదు. ఇంట్లో ఉన్న చెక్కపీట చాలు. ఎత్తు చాలకపోతే పీట కింద పలక పెట్టి సరిచేసుకోవచ్చు. అది కదలకుండా ఉండాలన్నదే ముఖ్యం.

కుర్చీ కొనేటప్పుడు మెత్తదనాన్ని చూసి మోసపోరాదు. కింది లక్షణాలను పరీక్షించాలి.

1. ఆసనం ఎత్తును తగ్గించుకోవడానికి, పెంచుకోవడానికి వీలుండాలి.
2. వీపు ఆనించి కూర్చున్నప్పుడు ఆసనపు అంచుకూ మోకాలి వెనుక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు మిగలాలి. ఆసనం మరీ పొడవైతే పొట్టివారి వీపు వెనుకకు ఆనదు.
3. నడుము దగ్గర వెన్నెముక సహజంగా లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపుకు కుర్చీ ఆధారమివ్వాలి.
4. చేతుల ఆధారాలు భుజాలను పైకి నెట్టరాదు. కుర్చీని బల్లకు దగ్గరగా జరుపుకోవడానికి అడ్డు రారాదు.
5. చక్రాల కుర్చీకి అడుగున అయిదు కాళ్ళుంటే అది సులభంగా ఒరిగిపోదు.

దుకాణంలో ఒక్క నిమిషం కూర్చుని లేవడం పరీక్ష కాదు. కనీసం పావుగంట కూర్చుని చూడాలి. కార్యాలయాలలో వాడిన మంచి కుర్చీ చౌకగా దొరికితే దానిని తక్కువగా చూడనక్కరలేదు. అయితే కూర్చున్నప్పుడు ఆసనం దానంతటదే కిందికి దిగిపోతున్నదేమో, చక్రాలు సరిగా తిరుగుతున్నాయేమో పరిశీలించాలి. కొత్త కుర్చీ కొనే శక్తి లేనివారు ఉన్న కుర్చీలోనే తువ్వాలు చుట్టి నడుము వెనుక పెట్టుకున్నా కొంత ఉపశమనం కలుగుతుంది.

తెర, కీబోర్డు, మౌస్

ల్యాప్‌టాప్ ప్రయాణాలలో వాడుకోవడానికి అనువైన యంత్రం. రోజంతా పనికి దానిని అలాగే వాడటంలో ఒక చిక్కుంది. తెర, కీబోర్డు ఒకదానికొకటి అతికి ఉంటాయి. చేతులకు అనువైన ఎత్తులో పెడితే తెర కిందికి పోయి మెడ వంగుతుంది. కళ్ళకు అనువైన ఎత్తులో పెడితే చేతులు పైకి లేస్తాయి. ఒక అవయవానికి సుఖం కలిగిస్తే మరొక అవయవానికి కష్టం తప్పదు. ఈ చిక్కును విడదీసే మార్గం ఒకటే: రెంటినీ వేరుచేయడం. నాలుగు లావుపాటి పుస్తకాల మీద ల్యాప్‌టాప్‌ను ఎత్తుగా ఉంచి, విడిగా ఒక కీబోర్డు, ఒక మౌస్ కొనుక్కుంటే సమస్య చాలావరకు తీరుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న కొనుగోలు ఇదే.

తెర పై అంచు కంటి ఎత్తుకు సమానంగా గాని, కొంచెం కిందుగా గాని ఉండాలి. దూరం సుమారు చేయి చాపినంత, అంటే 20 అంగుళాలకు తగ్గకుండా ఉండాలి. బైఫోకల్ కళ్ళద్దాలు ధరించేవారు కింది భాగంలోంచి చూస్తారు కనుక వారు తెరను ఇంకొంత దించుకోవాలి. లేకపోతే తల వెనక్కి వాల్చి చూడవలసి వస్తుంది. కీబోర్డు, మౌస్ రెండూ ఒకే ఎత్తులో, పక్కపక్కనే ఉండాలి. మణికట్టు పైకిగాని కిందికిగాని విరగకుండా ముంజేతికి తిన్నగా ఉండాలి.

వెలుతురు, గాలి, శబ్దం

కిటికీకి ఎదురుగా కూర్చుంటే కళ్ళు జిగేలుమంటాయి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే వెలుగు తెరమీద పడి అక్షరాలు కనిపించవు. కిటికీ పక్కకు వచ్చేటట్లు బల్ల వేసుకోవడం ఉత్తమం. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుతూ ఉండటం కంటికి శ్రమ. గదిలో మామూలు దీపం ఉంచి, కాగితాలు చూడవలసినప్పుడు చిన్న బల్లదీపం వేసుకోవాలి.

వేసవిలో ఫ్యాను రోజంతా తిరుగుతుంది. సాధారణ సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తును వాడితే, బి.ఎల్.డి.సి. రకం ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలినిస్తుంది. పగలు కార్యాలయం భరించే కరెంటు ఖర్చు ఇప్పుడు ఇంటి బిల్లులో చేరుతుంది కనుక ఈ తేడా గమనింపదగినది. ఇక కుక్కరు ఈల, వీధిలో కూరగాయల బండి కేక, పక్క ఫ్లాటులో డ్రిల్లింగు – వీటిని ఆపడం మన చేతిలో లేదు. నోటికి దగ్గరగా మైకు ఉండే హెడ్‌సెట్ వాడితే అవతలివారికి మన మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

విద్యుత్తు, ఇంటర్నెట్

గాలివానకు కరెంటు పోయినా ల్యాప్‌టాప్ తన బ్యాటరీతో కొంతసేపు పనిచేస్తుంది. కాని ఇంటర్నెట్ అందించే రౌటరు వెంటనే ఆగిపోతుంది. రౌటరు వాడే విద్యుత్తు అతి స్వల్పం కనుక దానికోసం ఒక చిన్న యు.పి.ఎస్. అమర్చుకుంటే పని నిలిచిపోదు. కాంక్రీటు గోడలు వైఫై సంకేతాలను బలహీనపరుస్తాయి. 5 గిగాహెర్ట్జ్ సంకేతం వేగవంతమైనదే కాని గోడలు దాటడంలో 2.4 గిగాహెర్ట్జ్ సంకేతమే మేలు. వీలైతే రౌటరునుంచి కంప్యూటరుకు నేరుగా తీగ లాగడం అన్నిటికన్నా నమ్మదగినది.

కంప్యూటరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే గీజరు, మైక్రోవేవ్ వంటి ఎక్కువ కరెంటు లాగే పరికరాలను తగిలించరాదు. ల్యాప్‌టాప్ లోహపు మూతను తాకినప్పుడు చేయి జివ్వుమంటే, ఇంటికి ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించాలి.

ఏది ముందు? ఎవరికి ముందు?

అందరికీ అన్నీ ఒకేసారి కొనే స్తోమత ఉండదు. కనుక వరుస తెలియాలి. ముందు డబ్బు అక్కరలేనివి: కొలతలు, పీట, పుస్తకాల దొంతర, కిటికీ పక్కన చోటు. తరువాత కీబోర్డు, మౌస్. ఆ తరువాత కుర్చీ. బల్ల, పెద్ద తెర దాని వెనుక. నిలబడి పనిచేసేందుకు ఎత్తు మార్చుకోగల బల్ల అన్నిటికన్నా చివర. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, కంటికి ఇంపైన పెద్ద తెరను ముందు కొని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నడుము పట్టుకుంటారు.

మరొక ప్రశ్న కూడా ఉంది. రెండు పడకగదుల ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే తలుపు ఉన్న గది ఎవరికి? మంచి కుర్చీ ఎవరికి? భోజనాల బల్ల దగ్గర పనిచేసేవారు పూటపూటకూ తమ కార్యాలయాన్ని ఎత్తి మళ్ళీ పరచుకోవాలి. వంటింటికి దగ్గరగా ఉన్నందున ఇంటిపని కూడా వారినే పిలుస్తుంది. అనేక ఇళ్ళలో ఆ చోటు స్త్రీకే దక్కడం యాదృచ్ఛికం కాదు. జీతాన్ని బట్టి కాక, పని వేళలనుబట్టి, ఫోనులో మాట్లాడవలసిన అవసరాన్నిబట్టి గదిని మార్చుకుంటూ వాడుకోవడం న్యాయం. ఇద్దరూ ఒకే కుర్చీని వంతులవారీగా వాడేటట్లయితే ఎవరి ఎత్తుకు తగినట్లు వారు దానిని సవరించుకోవాలి.

కదలికే మేలైన ఉపకరణం

ఎంత గొప్ప కుర్చీ అయినా మనిషిని రోజంతా కదలకుండా కూర్చోబెట్టడానికి ఉద్దేశించినది కాదు. కార్యాలయంలో అయితే మెట్లు, సమావేశ మందిరం, భోజనశాల మనను నడిపిస్తాయి. ఇంట్లో ఆ నడక లేదు. కాబట్టి అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తే కళ్ళకు విశ్రాంతి లభిస్తుంది. వేళ్ళు తిమ్మిరెక్కడం, నొప్పి రాత్రి నిద్రను చెడగొట్టడం వంటి లక్షణాలు కనిపిస్తే ఉపేక్షించక వైద్యుని సంప్రదించాలి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.

లింగంపల్లి అపార్ట్‌మెంటులో కంప్యూటరు ముందు కూర్చున్నవారికీ, పోచంపల్లిలో మగ్గం ముందు కూర్చున్నవారికీ ఇల్లే పనిచోటు, శరీరమే పెట్టుబడి. యంత్రం పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. వెన్నెముకకు అటువంటి అవకాశం లేదు. కనుక పనిముట్టును ఎంచుకొనేటప్పుడు దాని వెల కన్నా ముందు మన ఒంటి కొలత చూసుకోవడం వివేకవంతుల లక్షణం.

అభ్యాసం

1. గుంట మగ్గం ఉదాహరణ ద్వారా రచయిత ప్రతిపాదించిన సూత్రమేమిటి?
2. ల్యాప్‌టాప్‌ను రోజంతా అలాగే వాడటంలోని చిక్కును, దాని పరిష్కారాన్ని వివరించండి.
3. మీ ఇంట్లో మీరు చదువుకునే బల్ల ఎత్తును, కూర్చున్నప్పుడు మీ మోచేతి ఎత్తును కొలిచి, తేడా ఉంటే ఎలా సరిచేస్తారో రాయండి.
4. ‘మంచి కుర్చీ ఎవరికి?’ అన్న ప్రశ్న వెనుకనున్న సామాజిక విషయాన్ని చర్చించండి.