గాజు పలక నుంచి ఫిల్ము చుట్ట వరకు

ఉషాపరిణయ కథలో ఒక రమ్యమైన ఘట్టం ఉంది. బాణాసురుని కుమార్తె ఉష కలలో ఒక యువకుణ్ణి చూసింది. అతని పేరు తెలియదు, ఊరు తెలియదు. చెలికత్తె చిత్రరేఖ రాకుమారుల రూపాలను ఒక్కొక్కటిగా చిత్రించి చూపగా, అనిరుద్ధుని చిత్రం కంటపడగానే ఉష గుర్తుపట్టింది. కదలిపోయే రూపాన్ని నిలిపి ఉంచుకోవాలనే కోరిక మానవునికి అంత ప్రాచీనమైనది. చిత్రరేఖ కుంచెతో చేసిన పనిని పందొమ్మిదో శతాబ్దంలో వెలుగు చేత చేయించిన సాధనమే కెమెరా.

ఈనాడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న ఫోను ఉంది. అయినప్పటికీ ఫిల్ము కెమెరాలను శ్రద్ధతో నేర్చుకుంటున్న యువకులు మనకు అక్కడక్కడ కనిపిస్తారు. ఆ పాత సాధనంలో ఏముంది? దానిని ఎన్నుకోవడం ఎలా? వాడడం ఎలా? ఈ విషయాలను తెలుసుకోవడానికి మన సికింద్రాబాదు నుంచే బయలుదేరవచ్చు.

సికింద్రాబాదులో ఒక స్టూడియో

భారతీయ ఛాయాచిత్రకళా చరిత్రలో రాజా దీన్‌దయాళ్‌ది అగ్రస్థానం. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇందోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేశాడు. 1874 ప్రాంతంలో కెమెరా చేతపట్టాడు. తరువాత హైదరాబాదు వచ్చి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. ‘ముసవ్విర్ జంగ్’ అనే బిరుదును పొందాడు. ‘ముసవ్విర్’ అంటే చిత్రకారుడని అర్థం. 1886లో సికింద్రాబాదులోనూ, 1896లో బొంబాయిలోనూ ఆయన స్టూడియోలు నెలకొన్నాయి. అంతఃపుర స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకమైన స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణను ఒక మహిళకే అప్పగించడం ఆయన దూరదృష్టికి నిదర్శనం.

ఆయన వాడింది గాజు పలకల కెమెరా. ముందు కటకం, వెనుక గరుకు గాజు, ఈ రెండింటి నడుమ కొలిమితిత్తిలా ముడుచుకొని సాగే తోలు తిత్తి. ఇదీ దాని స్వరూపం. ఛాయాగ్రాహకుడు తలపై నల్లని వస్త్రం కప్పుకొని గరుకు గాజుపై పడిన బింబాన్ని చూసేవాడు. ఆ బింబం తలకిందులుగా ఉంటుంది. కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. బింబం స్పష్టమైన తరువాత గరుకు గాజు స్థానంలో వెండి లవణాల పూత గల పలకను అమర్చి, వెలుగును లోనికి అనుమతించేవాడు. తొలి దశలో పలకపై పూత తడి ఆరకముందే చిత్రం తీయడం, రసాయనాలలో కడగడం పూర్తి కావలసి ఉండేది. ఆ కారణంగా చీకటి గుడారాన్ని కూడా వెంట తీసుకొని పోయేవారు. 1880 ప్రాంతంలో కర్మాగారాలలో తయారైన పొడి పలకలు వాడుకలోకి రావడంతో ఈ ప్రయాస తగ్గింది.

ఒక్కొక్క పలక బరువైనది, ఖరీదైనది. అందుచేత ఎక్కడ నిలబడాలి, వెలుగు ఏ వైపు నుంచి రావాలి అనే విషయాలను నిశ్చయించుకున్న తరువాతనే చిత్రం తీసేవారు. దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. నూరేళ్లు గడిచినా ఆ పలకలపై ఆనాటి భవనాలు, దుస్తులు, ముఖాలు నిలిచి ఉన్నాయి.

పరిమాణాన్ని ఎన్నుకోవడం

గాజు స్థానంలోకి చుట్టగా చుట్టగల ఫిల్ము రావడంతో కెమెరా సామాన్యునికి చేరువైంది. 1900లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ ‘బ్రౌనీ’ అనే పెట్టె కెమెరాను ఒక డాలరుకే విక్రయించింది. 1925లో జర్మనీ నుంచి ‘లైకా’ వెలువడింది. దానిని రూపొందించిన ఆస్కార్ బార్నాక్, సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మునే చిన్న కెమెరాలో ఇమిడ్చాడు. మన దేశమూ వెనుకబడలేదు. కేరళలోని ఆలప్పుజలో 1940 దశకంలో రూపొందిన ‘వాగీశ్వరి’ అనే కొయ్య కెమెరా దక్షిణాది స్టూడియోలలో ఆదరణ పొందింది. ఊటీలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసింది; తరువాతి కాలంలో అది మూతపడింది.

ఫిల్ము కెమెరాను ఎన్నుకొనేవాడు మొదట నిశ్చయించుకోవలసింది ఫిల్ము పరిమాణం. ఇది ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది 35 మిల్లీమీటర్ల ఫిల్ము. దీనిలో ఒక్కొక్క చిత్రం కొలత 24 × 36 మిల్లీమీటర్లు. ఒక చుట్టలో 36 చిత్రాలు వస్తాయి. కెమెరా తేలికైనది. జాతరలు, ఆటలు, వీథి దృశ్యాలు మొదలైన కదలిక గల విషయాలకు ఇది అనువైనది. కొత్తగా నేర్చుకొనేవారు దీనితో ప్రారంభించడం ఉత్తమం.

రెండవది ‘120’ అనే పేరుగల వెడల్పాటి ఫిల్ము. ఆరు సెంటీమీటర్ల చదరపు చిత్రాలు దీనిపై 12 వస్తాయి. ఒక్కొక్క చిత్రం వైశాల్యం 35 మిల్లీమీటర్ల చిత్రం కన్నా మూడున్నర రెట్లు అధికం. కాబట్టి పెద్దదిగా ముద్రించినా సూక్ష్మాంశాలు చెదరవు. ముఖచిత్రాలకు, ప్రకృతి దృశ్యాలకు ఇది తగినది.

మూడవది విడి రేకుల ఫిల్ము. నాలుగు అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవు గల రేకు వైశాల్యం 35 మిల్లీమీటర్ల చిత్రానికి సుమారు 15 రెట్లు. దీన్‌దయాళ్ కెమెరాకు ఇదే వారసురాలు. సికింద్రాబాదు గడియార స్తంభం వంటి ఎత్తైన కట్టడాన్ని చిత్రించేటప్పుడు మామూలు కెమెరాను పైకెత్తితే, కట్టడపు అంచులు పైకి పోయేకొద్దీ దగ్గరై, అది వెనుకకు వాలినట్లు కనిపిస్తుంది. పెద్ద కెమెరాలో వెనుక భాగాన్ని నిటారుగా ఉంచి, కటకాన్ని మాత్రమే పైకి జరపవచ్చు. అప్పుడు స్తంభం నిటారుగానే నిలుస్తుంది. అయితే ఈ కెమెరాకు ముక్కాలి స్టాండు, ఓర్పు రెండూ అవసరం.

పరిమాణం పెరిగేకొద్దీ చిత్రంలో స్పష్టత పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, వ్యయం హెచ్చుతుంది. ఏది గొప్పది అని అడగడం కన్నా, మనం చూడదలచినది ఏమిటి అని అడగడం వివేకం.

ఉపకరణాలు

పాత కెమెరా కొనేటప్పుడు కటకాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. సాలెగూడు వంటి పోగులు కనిపిస్తే అది బూజు. షట్టరును అన్ని వేగాలలోనూ నొక్కి చూడాలి. తిత్తిలో సన్నని చిల్లులున్నాయేమో పరీక్షించాలి.

తరువాత కావలసినది వెలుగును కొలిచే మీటరు. అది తాను చూసిన ప్రతి వస్తువును మధ్యస్థమైన బూడిద వర్ణంగా భావించి కొలుస్తుంది. తెల్లని పంచె కట్టుకున్న తాతగారిని చిత్రించేటప్పుడు మీటరు మాటనే పాటిస్తే పంచె మాసినట్లు కనిపిస్తుంది. అక్కడ కొంచెం అధికంగా వెలుగును ఇవ్వాలి. మీటరు లేనివారికి ఒక పాత సూత్రం ఉంది. ఎండ బాగా కాస్తున్నప్పుడు, ఐఎస్‌ఓ 100 ఫిల్ముకు కటక ద్వారాన్ని ఎఫ్/16 వద్ద, షట్టరును సెకనులో 125వ వంతు వద్ద ఉంచితే చాలు. ద్వారాన్ని ఒక మెట్టు తెరిస్తే లోనికి వచ్చే వెలుగు రెట్టింపవుతుంది. కనుక షట్టరు కాలాన్ని సగానికి తగ్గించాలి.

ముక్కాలి స్టాండు మసక వెలుతురులో చేతి వణుకును నివారిస్తుంది. కటకానికి తొడిగే గొడుగు పక్కనుంచి పడే ఎండను అడ్డుకుంటుంది. నలుపు తెలుపు చిత్రాలకు పసుపు ఫిల్టరు మంచి మిత్రం. అది ఆకాశపు నీలాన్ని కొంత ఆపుతుంది. అందువల్ల చిత్రంలో ఆకాశం ముదురై, మౌలాలి గుట్ట మీది తెల్లని మేఘాలు స్పష్టంగా తేలుతాయి.

మన ప్రాంతపు ఎండలలో మరొక జాగ్రత్త అవసరం. ఫిల్మును చల్లని చోట భద్రపరచాలి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన ఫిల్మును వెంటనే విప్పరాదు; తేమ పడుతుంది. ఫిల్మును కడిగే రసాయనాన్ని సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద వాడతారు. వేసవిలో మన కుళాయి నీరు అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. అందుచేత రసాయన పాత్రను మంచునీటి గిన్నెలో ఉంచి చల్లబరచుకోవాలి. లేనిచో ఫిల్ముపై జిలాటిన్ పూత మెత్తబడి, సులభంగా గీతలు పడుతుంది.

ఒక అనుభవం

నా విద్యార్థి దశలో మా ఇంట ఒక పెట్టె కెమెరా ఉండేది. చుట్టకు 12 చిత్రాలు. ప్రతి చిత్రం తీసిన తరువాత, వెనుకనున్న ఎర్రని కిటికీలో తరువాతి అంకె కనిపించే వరకు ఫిల్మును తిప్పాలి. ఒక సంక్రాంతినాడు వేపచెట్టు నీడలో కూర్చున్న మా నాయనమ్మను చిత్రించాను. ఆ సంబరంలో ఫిల్మును తిప్పడం మరచి, సాయంకాలం గుడి గోపురాన్ని చిత్రించాను. ఫిల్మును కడిగించి చూస్తే నాయనమ్మ ముఖం మీద గోపురం నిలిచి ఉంది. “ఏంరా, నన్ను గుడిలోనే కూర్చోబెట్టినావు” అని ఆమె నవ్వింది. మరుసటి సంక్రాంతికి ఆమె లేదు. ఆమె రూపం మా ఇంట ఆ ఒక్క చిత్రంలోనే మిగిలింది. అంకె తిప్పడానికి పట్టే నాలుగు క్షణాల విలువ నాకు ఆనాడు తెలిసింది.

ఫిల్ము కెమెరా నేర్పే పాఠం ఇదే. పన్నెండే చిత్రాలున్నప్పుడు ప్రతి చిత్రానికీ ముందు మనం ఆగుతాం. ఎదుటివారిని నిజంగా చూస్తాం. ఫోను కెమెరా తక్కువదేమీ కాదు. అయితే వేలకొద్దీ చిత్రాలలో ఏది ఎక్కడ ఉందో తెలియక పోగొట్టుకుంటున్నవారు మనలో ఎందరో! ఫిల్ము కెమెరా లభించనివారు సైతం ఈ క్రమశిక్షణను పాటించవచ్చు. ఒక ఆదివారం ఫోనుతో పన్నెండు చిత్రాలే తీయాలని నియమం పెట్టుకోండి. ఇంట్లోని పెద్దవారి చిత్రంతో ప్రారంభించండి. వాటిలో మేలైన ఒక్కదానిని కాగితంపై ముద్రింపించి, వెనుక పేరు, ఊరు, తేది రాసి భద్రపరచండి. మీ తరువాతివారు దానిని చూసి మీ పెద్దలను గుర్తుపట్టగలుగుతారు.

ప్రశ్నలు

1. రాజా దీన్‌దయాళ్ జీవిత విశేషాలను సంగ్రహంగా తెలపండి.
2. ఫిల్ము పరిమాణాలు ఎన్ని విధాలు? ఏది ఏ అవసరానికి తగినదో వివరించండి.
3. తెల్లని దుస్తులు ధరించినవారిని చిత్రించేటప్పుడు మీటరు సూచనను యథాతథంగా ఎందుకు పాటించరాదు?
4. మీ ఇంట్లోని ఒక పాత ఛాయాచిత్రం గురించి పెద్దలను అడిగి తెలుసుకొని, పది వాక్యాలు రాయండి.