మిషెల్ ఒబామా – ఒక కుటుంబం ఐదు తరాల ప్రయాణం



అమెరికా అధ్యక్షుని భార్యను 'ప్రథమ మహిళ' అంటారు. అది ఎన్నికలో గెలిచే పదవి కాదు, దానికి జీతం కూడా లేదు. అయినా ఆమె మాటను దేశమంతా వింటుంది. 2009 జనవరి నుండి 2017 జనవరి వరకు ఆ స్థానంలో ఉన్న మిషెల్ ఒబామా అమెరికా చరిత్రలో మొట్టమొదటి నల్లజాతి ప్రథమ మహిళ. 2010 నవంబరులో ముంబైలో పిల్లలతో కలిసి డాన్సు చేసినప్పుడు, 2015 గణతంత్ర దినోత్సవానికి భర్తతో ఢిల్లీ వచ్చినప్పుడు మన పత్రికలు ఆమె ఫోటోలు వేశాయి. ఆ ఫోటోల వెనుక ఉన్న కుటుంబ చరిత్ర మన హాస్టళ్ళలో చదివే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినది. అందుకే ఈ వ్యాసం.

వీలునామాలో ఒక పాప

మిషెల్ తల్లి వైపున ఐదు తరాలు వెనక్కి వెళితే మెల్వీనియా అనే బాలిక కనిపిస్తుంది. 1850లో సౌత్ కరోలినా రాష్ట్రంలో ఒక ముసలి భూస్వామి తన ఆస్తిని వారసులకు పంచుతూ వీలునామా రాశాడు. అందులో రాట్నాలు, కొడవళ్ళు, పశువులతో పాటు దాదాపు ఆరేళ్ళ ఈ పాప కూడా ఉంది. తర్వాత ఆమెకు కట్టిన వెల 475 డాలర్లు. వారసుల వాటాగా ఆమెను జార్జియా రాష్ట్రానికి పంపారు. అక్కడ ఆమెకు 1859 ప్రాంతంలో డాల్ఫస్ అనే కొడుకు పుట్టాడు. తండ్రి తెల్లవాడు. 1865లో బానిసత్వం రద్దయ్యింది. డాల్ఫస్ వడ్రంగి పని నేర్చుకుని, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో సొంత ఇల్లు సంపాదించుకున్నాడు. 2009లో పరిశోధకులు పాత జనగణన కాగితాలు, వీలునామాలు వెదికి ఈ చరిత్రను బయటపెట్టేవరకు దీని గురించి లోకానికి తెలియదు.

తండ్రి వైపు ముత్తాత తండ్రి జిమ్ రాబిన్సన్. ఈయన కూడా సౌత్ కరోలినాలో ఫ్రెండ్‌ఫీల్డ్ అనే వరి పండించే ఎస్టేటులో బానిస. ఈయన కొడుకు ఫ్రేజర్‌కు చిన్నప్పుడే ప్రమాదంలో ఒక చెయ్యి పోయింది. యౌవనం దాకా అక్షరం ముక్క రాదు. తర్వాత చదవడం నేర్చుకుని వార్తాపత్రికలు అమ్మేవాడు. అమ్ముడు పోని పత్రికలను తన పిల్లలు చదువుకుంటారని ఇంటికి తీసుకువచ్చేవాడు. ఆ ఇంటికి చదువు అలా వచ్చింది. ఆ ముత్తాత ఇంటికి తెచ్చిన మిగిలిపోయిన పేపర్ల కట్టను నేను ఒక గ్రంథాలయంగానే భావిస్తాను.

తాతల కల, ఆగిన దారి

20వ శతాబ్దంలో దక్షిణ రాష్ట్రాల నుండి లక్షలాది నల్లజాతి వారు పని కోసం, వివక్ష నుండి తప్పించుకోవడం కోసం ఉత్తరాది నగరాలకు వలస వెళ్ళారు. మిషెల్ ఇద్దరు తాతలూ అలా చికాగో చేరినవారే. వారిలో ఒకరు తెలివైన విద్యార్థి, కాలేజీలో చదవాలని ఆశపడినవాడు. చివరకు తపాలా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాడు. ఇంకొకరు మంచి వడ్రంగి. కానీ చికాగోలో మంచి కూలి దొరికే పెద్ద పనులన్నీ కార్మిక సంఘాల సభ్యులకే దక్కేవి. ఆ సంఘాలు నల్లవారిని చేర్చుకునేవి కావు. పని వచ్చి కూడా పని దొరకకపోవడం అంటే ఇదే. సంఘంలో సభ్యత్వం లేదు కాబట్టి మంచి ఉద్యోగం లేదు, ఉద్యోగం లేదు కాబట్టి మంచి ఇల్లు లేదు, ఆ లోటు పిల్లల చదువుకు తగులుతుంది. వివక్ష అంటే ఒక తిట్టు, ఒక అవమానం మాత్రమే కాదు. ఒక తరం నుండి ఇంకొక తరానికి అందవలసినదాన్ని మధ్యలో కత్తిరించేది అదే.

మేడ మీద చిన్న ఇల్లు

మిషెల్ 1964 జనవరి 17న చికాగోలో పుట్టింది. తండ్రి ఫ్రేజర్ రాబిన్సన్ నగర నీటి సరఫరా శాఖలో కార్మికుడు. తల్లి మేరియన్ పిల్లలను చూసుకుంటూ ఇంట్లో ఉండేది, వాళ్ళు పెద్దయ్యాక సెక్రటరీగా ఉద్యోగం చేసింది. ఇద్దరికీ కాలేజీ డిగ్రీ లేదు. నగరం దక్షిణ భాగంలో బంధువుల ఇంటి మేడ మీద అద్దెకు ఉండేవారు. ముందుగదిని చెక్క అడ్డుతో విడదీసి అన్న క్రెయిగ్‌కు ఒక వైపు, మిషెల్‌కు ఒక వైపు ఇచ్చారు.

తండ్రికి యువకుడిగా ఉండగానే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వచ్చింది. ముందు చేతికర్ర, తర్వాత రెండు కర్రలు. బట్టలు వేసుకోవడానికే ఎక్కువ సమయం పట్టేది కాబట్టి రోజూ ముందుగా లేచేవాడు. డ్యూటీకి మాత్రం దాదాపు ఎప్పుడూ నాగా పెట్టలేదు. 1991లో చనిపోయాడు.

మిషెల్ రెండో తరగతిలో ఉండగా టీచరు క్లాసును అదుపు చేయలేక అంతా గందరగోళంగా ఉండేది. తల్లి మేరియన్ గొడవ చేయలేదు, ఊరుకోనూ లేదు. ఓపికగా స్కూలు చుట్టూ తిరిగి మాట్లాడింది. చివరకు మిషెల్‌తో పాటు మరి కొందరిని పరీక్ష పెట్టి మూడో తరగతికి పంపారు. ఆ పాత క్లాసులోనే మిగిలిపోయిన పిల్లల సంగతి ఏమిటని మిషెల్ పెద్దయ్యాక 2018లో వచ్చిన తన ఆత్మకథ 'బికమింగ్'లో ఆలోచిస్తుంది. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. వాళ్ళ కోసం అడిగేవారు లేరు, అంతే. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే బలంగా తగిలిన విషయం ఇది.

దుప్పటి చాలని మంచం

జాతుల మధ్య ఎడం తగ్గించడానికి చికాగోలో 1975లో విట్నీ యంగ్ హైస్కూలు అనే ప్రభుత్వ పాఠశాల పెట్టారు. ప్రతిభ చూసి అన్ని ప్రాంతాల పిల్లలను తీసుకునేవారు. మన గురుకులాలకు కొంత దగ్గరగా ఉంటుంది, కాకపోతే హాస్టల్ లేదు. మిషెల్ రోజూ బస్సులు మారి చాలా దూరం వెళ్ళి చదువుకుంది. నువ్వు ప్రిన్స్‌టన్ స్థాయికి సరిపోవేమో అని అక్కడి కౌన్సిలర్ ఒకరు ఆమెతో అన్నారు. అప్పటికే అన్న క్రెయిగ్ బాస్కెట్‌బాల్ ఆడుతూ ప్రిన్స్‌టన్‌లో చదువుతున్నాడు. మిషెల్ ఆ మాట పట్టించుకోకుండా దరఖాస్తు పెట్టింది. 1981లో సీటు వచ్చింది.

ఆమె బ్యాచ్‌లో 1100 మందికి పైగా ఉంటే నల్లజాతి విద్యార్థులు వంద లోపే. ఏ కోర్సు తీసుకోవాలో చెప్పేవారు ఇంట్లో లేరు. అక్కడి మంచాలు పొడవైనవి. ఇంటి నుండి తెచ్చుకున్న దుప్పటి చాలక రాత్రంతా కాళ్ళు పరుపు ప్లాస్టిక్‌కు తగిలేవట. ట్రంకు పెట్టెతో హాస్టల్ గేటు దాటిన మనకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. తండ్రి తన వంతు ఫీజు కోసం అప్పులు కూడా చేశాడు. మిగతాది స్కాలర్‌షిప్పులు, విద్యా రుణాలు.

వెళ్ళినవారు వెనక్కి చూస్తారా?

1985లో సామాజిక శాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం ఆమె రాసిన పరిశోధనా వ్యాసం మన పూర్వ విద్యార్థులంతా గమనించవలసినది. ప్రిన్స్‌టన్‌లో చదివి బయటికి వెళ్ళిన నల్లజాతి వారు తమ జాతి ప్రజలకు దగ్గరగా ఉంటున్నారా, దూరమవుతున్నారా అన్నది ఆమె అంశం. 400 మంది పూర్వ విద్యార్థులకు ప్రశ్నలు పంపితే జవాబు రాసినవారు తొంభై లోపు. చదువుకునే రోజుల్లో తమ వారితో ఉన్న అనుబంధం, బయటికి వెళ్ళాక తగ్గుతోందని ఆ జవాబుల్లో తేలింది.

ఆమె కూడా ముందు ఆ దారిలోనే నడిచింది. 1988లో హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం పూర్తిచేసి చికాగోలో పెద్ద లా సంస్థలో మంచి జీతానికి చేరింది. అక్కడే 1989లో బరాక్ ఒబామా పరిచయమయ్యాడు. 1992లో వారి పెళ్ళి జరిగింది. మాలియా 1998లో, సాషా 2001లో పుట్టారు. అయితే స్నేహితురాలి మరణం, తండ్రి మరణం ఆమెను ఆలోచనలో పడేశాయి. ఆ ఉద్యోగం వదిలి తక్కువ జీతానికి నగర పాలక సంస్థలో చేరింది. 1993 నుండి యువతకు సేవా రంగంలో శిక్షణ ఇచ్చే 'పబ్లిక్ అలైస్' చికాగో శాఖను నడిపింది. విద్యా రుణాల భారం తల మీద ఉండగానే ఇదంతా చేసింది.

ప్రథమ మహిళగా 2010లో పిల్లల ఆరోగ్యం కోసం 'లెట్స్ మూవ్', 2014లో పేద పిల్లలు కాలేజీకి వెళ్ళేలా 'రీచ్ హయ్యర్' కార్యక్రమాలు మొదలుపెట్టింది. స్కూలు భోజనం మెరుగుపరిచే చట్టం 2010లో వచ్చింది. తల్లి మేరియన్ కూడా మనుమరాళ్ళ కోసం వైట్‌హౌస్‌కు వచ్చి, అక్కడ కూడా తన బట్టలు తనే ఉతుక్కునేది. 2024 మే 31న ఆమె 86వ ఏట కన్నుమూసింది. వైట్‌హౌస్ కట్టడంలో బానిసలు పనిచేశారు. బానిసలు కట్టిన ఇంట్లో తన కూతుళ్ళు ఆడుకుంటున్నారని 2016లో మిషెల్ ఒక సభలో చెబితే దేశమంతా విన్నది.

మనకు ఏమిటి?

1946లో డాక్టర్ అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతి వారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి పంపమని అడిగారు. వారి పోరాటాన్ని మన పోరాటంతో కలిపి చూడడం ఆయనే మనకు నేర్పారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అందరూ నా కష్టం అంటారు. మిషెల్ కుటుంబ చరిత్ర చదివాక అది సగం నిజమే అనిపించింది. చదవడం నేర్చుకున్న ముత్తాత, నాగా పెట్టని తండ్రి, స్కూలు చుట్టూ తిరిగిన తల్లి, ప్రభుత్వం పెట్టిన బడి, స్కాలర్‌షిప్పు - ఇన్ని కలిస్తేనే ఒక పట్టా. ఇందులో ఒక్కటి తప్పినా తెలివైన పిల్ల పాత క్లాసులోనే మిగిలిపోతుంది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీరు సరిపోరని ఎవరైనా అంటే ఆగిపోకండి, దరఖాస్తు పెట్టండి. అన్నలూ, అక్కలూ! ఆ 400 మందిలో జవాబు రాయని వారి జాబితాలో మనం చేరవద్దు. సంవత్సరానికి ఒక్కసారైనా హాస్టల్‌కు వచ్చి ఏ కోర్సుకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో, ఏ స్కాలర్‌షిప్పుకు ఏ కాగితాలు కావాలో చెప్పి వెళదాం. మన పాత క్లాసులో ఇంకా పిల్లలు కూర్చుని ఉన్నారు.

– ఎం.ఏ. (సామాజిక శాస్త్రం), పూర్వ హాస్టల్ విద్యార్థిని