బొమ్మ పడింది... మాట పడిపోయింది!

పెళ్ళి డీవీడీ పెట్టారు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. జీలకర్రా బెల్లం అయింది. పురోహితుడు "గట్టిమేళం... గట్టిమేళం..." అంటూ చెయ్యి ఊపాడు. డోలు మోగాలి గదా! మోగలేదు. వాయిస్తున్న చేతులు కనిపిస్తున్నాయి, చప్పుడు లేదు. అయిదారు సెకన్లకి హఠాత్తుగా మళ్ళీ శబ్దం! ఇంకాస్త ముందుకెళితే, ఇప్పుడు లేని నాయనమ్మ పెళ్ళికూతురి తల మీద అక్షింతలు వేస్తూ ఏదో అంటోంది. పెదవులు కదిలాయి. మాట వినపడలేదు.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెరకి మాట వచ్చింది. ఇంట్లో రాసుకున్న డిస్కు మాత్రం ఒక్కోసారి మనల్ని మళ్ళీ మూకీల కాలానికి పంపించేస్తుంది!

"డిస్కు పోయింది" అనేసి బీరువాలోకి తోసేయకండి. అనుమానితులు ముగ్గురున్నారు: ప్లేయరు, డిస్కు, డిస్కులోకి ఎక్కించిన ఫైలు. దొంగ ఎవరో తేలాకే శిక్ష!

అసలు దొంగ ఎవరు?

మాట పోయిన చోటునే రెండు మూడుసార్లు వేసి చూడండి. ఒక్కోసారి ఒక్కో చోట పోతోందా? ముందు ప్లేయరునీ, టీవీకి తగిలించిన వైర్లనీ అనుమానించండి. ఇంకో ప్లేయరులో బాగా వస్తే కేసు దాదాపు తేలినట్టే.

ఎందులో వేసినా అదే చోట పోతోందా? అయితే బొమ్మ వంక చూడండి. డీవీడీలో బొమ్మా, శబ్దం వేరువేరు చోట్ల ఉండవు. 2048 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా, ఒకే దారానికి గుచ్చిన పూసల్లా కలిసి ఉంటాయి. గీత పడితే సాధారణంగా రెండింటికీ దెబ్బే. బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదురుతుంది, లేదా బిగుసుకుపోతుంది. బొమ్మ అద్దంలా ఉండి మాట ఒక్కటే పోతోందంటే, తప్పు ఫైలులో ఉండే అవకాశమే ఎక్కువ.

ఫైలుదే తప్పయితే...

డీవీడీకి కొన్ని కట్టుబాట్లున్నాయి. శబ్దం సెకనుకి 48,000 నమూనాలతో ఉండాలి. పాటల సీడీలో ఉండేది 44,100. సీడీ పాటని అలాగే తెచ్చి అతికిస్తే కొన్ని ప్లేయర్లు మొరాయిస్తాయి. ఎంపీ3 అయితే అసలు డీవీడీ నిబంధనల్లోనే లేదు.

రెండోది బరువు. బొమ్మా, శబ్దం అన్నీ కలిపి సెకనుకి 10.08 మెగాబిట్లు దాటకూడదు. కుదించని పీసీఎం స్టీరియో శబ్దమే 1.5 మెగాబిట్లు తినేస్తుంది. జనం, దీపాలు, పూలవాన... ఇలాంటి హడావిడి సీన్లలో బొమ్మకీ ఎక్కువ కావాలి. అక్కడే ప్లేయరు ఉక్కిరిబిక్కిరై మాట మింగేస్తుంది! గట్టిమేళం దగ్గరే శబ్దం పోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇందులో ఒక శుభవార్త ఉంది. డిస్కుని కంప్యూటర్లోకి కాపీ చేసి వినండి. అక్కడ వినిపిస్తే మాట భద్రంగా ఉన్నట్టే! శబ్దాన్ని 48,000 నమూనాల డాల్బీ ఏసీ-3లోకి, 192 లేక 224 కిలోబిట్లకి మార్చి మళ్ళీ రాసుకోండి.

డిస్కుదే తప్పయితే...

మెత్తని నూలుగుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవొద్దు. డిస్కుని లోపలి నుంచి బయటికి రాస్తారు. కాబట్టి నిండా నింపిన డిస్కులో చివరి భాగమే తరచూ మొరాయిస్తే అంచు దగ్గర రాత సరిగ్గా పడలేదేమో చూడాలి. ఈసారి 16 రెట్ల వేగంతో కాకుండా 8 రెట్లతో రాయండి, అంచుదాకా నింపకండి, రాశాక 'వెరిఫై' తప్పనిసరి. కాగితం లేబుల్ అంటించకండి, ఎండలో వదిలేయకండి.

రెండిళ్ళ డిస్కులు

ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ ఉంటే చాలు. ఒక డ్రైవ్ చదవలేని చోటుని ఇంకోటి చదవొచ్చు. 'డీడీరెస్క్యూ' అనే ఉచిత ప్రోగ్రాం పాడైన చోటుని పట్టువదలకుండా మళ్ళీ మళ్ళీ చదువుతుంది.

ఇంకో సంగతి. పెళ్ళి డిస్కు సాధారణంగా ఒక్కటే ఉండదు. ఆడపెళ్ళివారికొకటి, మగపెళ్ళివారికొకటి ఇస్తారు. రెండూ ఒకే మూలం నుంచి అచ్చం ఒకేలా రాసినవైతే, ఒకదాంట్లో పోయిన ముక్కని రెండోదాంట్లోంచి తెచ్చి ఆ ప్రోగ్రాంతోనే పూడ్చుకోవచ్చు! అసలు కెమెరా కాసెట్ దొరికితే మరీ మంచిది.

అందుకే ఈ పండక్కి వియ్యాలవారింటికి ఒక ఫోన్ కొట్టండి. నాయనమ్మ ఏమందో వాళ్ళ బీరువాలో ఉండొచ్చు.