భవన టెలివిజన్ పంపిణీ వ్యవస్థలో బాహ్య దృశ్య సంకేతాల అనుసంధానం

విజయవాడ జాతీయ రహదారి వెంబడి విస్తరించిన హయత్‌నగర్‌లో అపార్ట్‌మెంట్లు నేడు సర్వసాధారణం. అటువంటి భవనంలో గేటు వద్ద గల నిఘా కెమెరా దృశ్యాన్ని ప్రతి ఇంటి టీవీలో చూపడానికి కొత్త తీగలు లాగనవసరం లేదు. ఉన్న కేబుల్‌లోనే ఖాళీ ఛానల్ ఒకటి చాలు.

కెమెరా రికార్డర్ నుంచి వెలువడే చిత్రాన్ని మాడ్యులేటర్ ఆ ఛానల్ పౌనఃపున్యంపైకి చేరుస్తుంది. పాల్-బి పద్ధతిలో ఛానల్ 5ను ఎంచుకుంటే చిత్రవాహకం 175.25 మెగాహెర్ట్జ్ వద్ద, ధ్వనివాహకం అంతకు 5.5 మెగాహెర్ట్జ్ ఎగువన ఉంటాయి. కంబైనర్ ఈ సంకేతాన్ని ఆపరేటర్ సంకేతంతో కలుపుతుంది. అసలు చిక్కు ఇక్కడే. స్థానిక సంకేతం బలం మించితే యాంప్లిఫయర్‌లో వికృతి ఏర్పడి పక్క ఛానళ్లు చెడతాయి. తగ్గితే తెరపై చుక్కలు పడతాయి. అది వెనుదిరిగి ఆపరేటర్ తీగలోకి పాకితే ఈ భవనానికి వచ్చిపోయేవారు పొరుగు భవనపు టీవీలలోనూ కనిపించే ప్రమాదముంది. కనుక ఫిల్టరు ఖర్చుకు వెనుకాడడం తగదు.

కేబుల్ డిజిటలీకరణ రెండో దశ (గడువు 2013 మార్చి 31) పరిధిలోని 38 నగరాలలో హైదరాబాదు ఒకటి. ఆ మార్పుతో సెట్‌టాప్ బాక్సు అనివార్యమైంది. అది ఆపరేటర్ డిజిటల్ ప్రసారాన్ని మాత్రమే విప్పుతుంది. అనలాగ్ గేటు ఛానల్ దానికి కానరాదు. ఫలితంగా కేబుల్‌లో సంకేతం ప్రవహిస్తున్నా తెరపై చిత్రం ఉండదు. డీవీబీ-సీ మాడ్యులేటర్ అమర్చినా, ఆపరేటర్ జాబితాలో లేని ఛానల్‌ను అనేక బాక్సులు స్వీకరించవు. బాక్సుకు ముందే స్ప్లిటర్‌తో తీగను చీల్చి, ఒక పాయను నేరుగా టీవీ ట్యూనర్‌కు ఇవ్వడమే ఆచరణలో నిలిచే మార్గం.