హెపటైటిస్-సి వైరసు: టి-కణముల జ్ఞాపకశక్తి

ఒకసారి తట్టు పోసిన పిల్లవానికి మరల పోయదని మా గిద్దలూరు ప్రాంతపు ముసలమ్మలు కూడ ఎరుగుదురు. కాలేయమును పట్టు హెపటైటిస్-సి విషయమున ఈ సూత్రము చెల్లదు. పూర్తిగా తగ్గినవానికి కూడ అది మరల సోకవచ్చును. అట్లని శరీరము చేసిన మొదటి పోరాటము వృథా కాదు.

1989లో కనుగొనబడిన ఈ వైరసు ముఖ్యముగా రక్తము ద్వారా వ్యాపించును. ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడుట, పరీక్షింపని రక్తము నెక్కించుట దాని ప్రధానమార్గములు. రక్తములోని ప్రతిదేహములు వైరసు పైతొడుగును గుర్తుపట్టును. కాని ఈ వైరసు తన జన్యుపదార్థమునకు నకలు తీయునపుడు తప్పులు చేయును, వాటిని దిద్దుకొనదు. అందుచే తొడుగు రూపు మారుచుండును. నిన్నటి ప్రతిదేహము నేటి వైరసును పోల్చుకొనలేకపోవచ్చును.

టి-కణముల పద్ధతి వేరు. (థైమస్ గ్రంథిలో పక్వమగుటచే వాటికా పేరు.) వైరసు చొచ్చిన కాలేయకణము, లోపల తయారగు వైరసు ప్రోటీనుల తునకలను తన ఉపరితలముపై చూపును. దొంగ చొక్కా మార్చినను, లోపల పొయ్యి వెలిగించినచో పొగ బయటికి రాక మానదు గదా! సి.డి.8 టి-కణములు ఆ తునకలను గుర్తించి, సోకిన కణమును చంపును. లేదా వైరసు వృద్ధిని అణచును. సి.డి.4 కణములు వాటికి తోడ్పడును. లోపలి ప్రోటీనులు తొడుగంత సులభముగా మారజాలవు; ఎక్కువగా మారినచో వైరసు మనుగడయే చెడును. అయినను కొన్ని తునకలు మారి తప్పించుకొనుట కలదు.

సోకినవారిలో నూటికి సుమారు 30 మంది మందు లేకయే వైరసును వదిలించుకొందురు. వారి టి-కణములు బలముగా, వైరసు యొక్క పెక్కు భాగములపై పనిచేయును. ఇంతకంటె వింత ఒకటి కలదు. మాటిమాటికి ఈ వైరసు తాకిడికి లోనైనను, రక్తములో వైరసు గాని ప్రతిదేహములు గాని కనబడనివారు కొందరున్నారు. వారిలో కూడ దానిని గుర్తించు టి-కణములు కనబడినవి!

ఈ జ్ఞాపకము విలువ 2003లో చింపాంజీలపై జరిగిన ప్రయోగములలో తేలినది. పూర్వము వైరసును జయించిన జంతువులలో సి.డి.4 కణములను తొలగించి మరల వైరసును ఎక్కించగా వ్యాధి దీర్ఘకాలికమైనది. సి.డి.8 కణములను తొలగించగా, అవి తిరిగి వచ్చువరకు వైరసు నిలిచినది. అనగా ఈ జ్ఞాపకము తలుపు మూయదు. వచ్చినవానిని త్వరగా వెళ్ళగొట్టును.

మరి టీకాతో ఇట్టి కణములను పుట్టింపరాదా? అమెరికాలో 548 మందిపై ప్రయత్నించిరి. 2021లో ఫలితములు వెలువడినవి. టీకా పొందినవారిలో పెక్కుమందికి టి-కణములు పెరిగినవి. కాని టీకా పొందినవారిలో 14 మందికి, ఉత్తమందు పొందినవారిలో 14 మందికి వ్యాధి దీర్ఘకాలికముగా నిలిచినది! హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే హెపటైటిస్-బి టీకాను విడుదల చేసినది. హెపటైటిస్-సికి నేటికిని టీకా లేదు.

మందు మాత్రము కలదు. సోఫాస్‌బువిర్‌ను హైదరాబాదు నాట్కో సంస్థ 2015లో తక్కువ ధరకు తెచ్చినది. దానిని వేరొక మందుతో కలిపి సాధారణముగా 12 వారములు వాడినచో నూటికి 95 మందికి పైగా నయమగును. అయితే ఏండ్ల తరబడి పోరాడి డస్సిన టి-కణములు మందుతో పూర్తిగా కోలుకొనవు. నయమైన పిదప కూడ ప్రతిదేహములు రక్తములో నిలిచియుండును గనుక, వైరసు మరల సోకినదా యని తెలియుటకు దాని ఆర్.ఎన్.ఎ. కొరకు వేరుగా పరీక్షింపవలెను.